ల్యాంప్ రూమ్ ముందు గులాబీలు

నాకు ముప్పై నాలుగో ఏట ఉద్యోగం వచ్చింది. ఎక్కడైనా అది సంతోషంగా చెప్పుకునే మాట. మా బొగ్గుగనుల వైపు మాత్రం ఆడమనిషి ఆ మాట చెబితే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం తల దించుకుంటారు. ఆమె భర్త పోయాడని, ఆయన బదులు ఈమెను తీసుకున్నారని వాళ్ళకు అర్థమవుతుంది. మా ఆయన గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో పనిచేసేవాడు. ఒక ఆదివారం ఇంట్లోనే గుండె ఆగిపోయింది. ఏడాది తిరిగాక అదే గనిలో, పైన ఉండే ల్యాంప్ రూమ్‌లో నన్ను వేశారు.

ల్యాంప్ రూమ్ అంటే గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చే గది. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక దీపం. దిగేటప్పుడు కిటికీ దగ్గర తీసుకుంటారు, ఎక్కి వచ్చాక అక్కడే అప్పగిస్తారు. వాటిని తుడిచి, చార్జింగుకు పెట్టి, తర్వాతి షిఫ్టుకు సిద్ధం చేయడం మా పని. షిఫ్టు అయిపోయినా ఒక దీపం గూట్లోకి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అందుకే చిన్న పనిలా కనిపిస్తుంది గాని చిన్న పని కాదు.

మొదటి నెలల్లో ఆ కిటికీ వెనక నిలబడడం నాకు పెద్ద శిక్షలా ఉండేది. మా ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు దీపం అందుకుంటూ కళ్ళు ఎత్తేవాళ్ళు కాదు. కొందరు "మంచిగున్నవా చెల్లె" అని అడిగి, జవాబు వినకుండానే కదిలిపోయేవాళ్ళు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరి ముఖాల్లోనూ ఒకటే మాట ఉండేది, పాపం అని. రోజుకు వందల మంది నోటితో అనకుండా ఆ మాట అని వెళ్తుంటే మనిషి ఎంతకాలం తట్టుకుంటుంది?

గులాబీలు ఆ బాధ తీరుతుందని పెట్టినవి కావు. ఊరికే పెట్టాను. మా క్వార్టర్ల సందులోకి మొక్కల బండి వచ్చింది, కడియం నుంచి వచ్చిన మొక్కలన్నాడు బండివాడు. సంక్రాంతి దాటిన రోజులు. ఒక ఎర్ర గులాబీ నాలుగు పూలతో నిలబడి ఉంది. కొనేశాను. మాది రెండో అంతస్తు. బాల్కనీలో బట్టలు ఆరేస్తే మనిషి నిలబడడానికే చోటుండదు. మర్నాడు ఆ మొక్కను సంచిలో పెట్టుకుని డ్యూటీకి తీసుకుపోయాను. ల్యాంప్ రూమ్ కిటికీకి ఎదురుగా, హాజరు వేసే హాలుకూ మా గదికీ నడుమ, నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ జాగా ఉంది. బొగ్గు పొడి, రాతి ముక్కలు, తాగి పారేసిన టీ కప్పులు. అందులో ఒక మూల చెయ్యి పట్టేంత గుంత తీసి నాటాను.

మార్చి వచ్చేసరికి పూలు ఆగిపోయాయి. కానీ మొదలు దగ్గర నుంచి ఒక కొత్త కొమ్మ లేచింది. నిగనిగలాడుతూ, నిండా ముళ్ళతో, పదిహేను రోజుల్లో పాత కొమ్మలన్నింటినీ దాటిపోయింది. నా చేతి చలువ అనుకుని మురిసిపోయాను. వచ్చేపోయేవాళ్ళకు చూపించాను కూడా.

ఒకరోజు మొదటి షిఫ్టు ఎక్కి వచ్చిన ఒక పెద్దమనిషి దీపం ఇచ్చి పోకుండా మొక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఇప్పుడు దుంగల బదులు ఇనుప బోల్టులు వచ్చినా ఆయన్ను అందరూ పాత అలవాటు కొద్దీ టింబర్‌మెన్ కాక అనే పిలుస్తారు. ఒళ్ళంతా బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఆకును చేత్తో ముట్టుకోకుండా వంగి చూసి అన్నాడు.

"గిది నీ గులాబి గాదు బిడ్డ. అంటు కిందికెల్లి లేచిన అడివి పిలక. దీని ఆకు లెక్కవెట్టు, రెమ్మకు ఏడున్నయి. నీ మొక్కకు అయిదే. గిది పెరిగినకొద్ది అది సస్తది."

నాకు కోపం వచ్చింది. నెల రోజులుగా నేను నీళ్ళు పోసి పెంచుకున్నదాన్ని ఒక్క మాటతో తీసి పారేశాడు. ఆయన పోయాక వంగి ఆకులు లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. మర్నాడు కాక చిన్న కత్తి తెచ్చి ఆ పిలకను మొదలంటా తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది. మేలో ఒక మధ్యాహ్నం వేడిగాలికి ఆ మొక్క నిలువునా ఎండిపోయింది.

ఆయనకు ఇదంతా ఎలా తెలుసని అడిగితే చెప్పాడు, వాళ్ళ నాన్న ఆఫీసర్ల బంగ్లాల్లో తోటపని చేసేవాడట. కొడుకు పదిహేనేళ్ళ దాకా ఆయన వెనకే తిరిగాడు. తర్వాత గనిలో పని దొరికింది, కత్తెర పక్కన పెట్టేశాడు. "మళ్ళ పెడుదువు తియ్యి, వానలు వడనియ్యి" అన్నాడు. అంతకుమించి ఓదార్చలేదు. మా ఆయన పోయిన ఆ ఏడాదిన్నరలో నాతో మాట్లాడుతూ ముఖంలో జాలి లేని మొదటి మనిషి ఆయన. ఆయన కంటికి నేను మొక్కను చంపుకున్న ఒక ఆడమనిషిని, అంతే. అది నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వానాకాలం మొదలయ్యాక పని చేశాం. కాక చెప్పినట్టు మోకాలి లోతు గుంతలు తవ్వాను. మూడు రోజులు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. బొగ్గు పొడి మట్టిలో గులాబీ బతకదన్నాడాయన. కమాన్‌పూర్ వైపు నుంచి వచ్చే ఒక అన్న తన ఊరి ఎర్రమట్టి బండి మీద రెండు సంచులు తెచ్చాడు. ఇంకొకాయన మాగిన పెంట తెచ్చాడు. వేపపిండి నేను కొన్నాను. పారేసిన పాత కన్వేయర్ బెల్టు ముక్కలు మేనేజరు గారిని అడిగి తీసుకుని చుట్టూ గట్టులా నిలబెట్టాం. ఆరు అంటు మొక్కలు నాటాను, అయిదు ఎర్రవి, ఒకటి తెల్లది. ఈసారి అంటు కట్టిన ముడి మట్టికి పైన ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నాను.

వానల్లో గులాబీ పెంచడం ఎండలో పెంచడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. గాలిలో తడి ఆరదు. ఆకుల మీద నల్లమచ్చలు పడి, పసుపు తిరిగి రాలిపోతాయి. రాలిన ఆకును మొదలు దగ్గరే వదిలితే తెగులు మళ్ళీ పైకెక్కుతుంది. రోజూ షిఫ్టు మొదలవ్వకముందే వచ్చి ఒక్కొక్క ఆకూ ఏరి దూరంగా పారేసేదాన్ని. కొన్ని కొమ్మలు కొస నుంచి కిందికి నల్లగా చచ్చుకుంటూ వచ్చేవి. పచ్చగా ఉన్నచోటి దాకా కోసి పసుపు ముద్ద పెట్టేదాన్ని. వానలు ఆగగానే ఇంకో బాధ, దుమ్ము. పక్కనే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు అయ్యాక గాలి మా వైపు తిరిగితే గంటలో ఆకులన్నీ బూడిద రంగుకు మారేవి. ఆకు అడుగు కూడా కడగాలని కాక చెప్పాడు. దీపాలు తుడిచే మెత్తటి గుడ్డ నా చేతిలో ఎలాగూ ఉండేది.

దసరా పోయాక కాక కత్తెర తెచ్చి నా చేతికిచ్చాడు. మొక్కలు అప్పటికి నడుము ఎత్తు పెరిగి పచ్చగా ఉన్నాయి. సగానికి కొయ్యమన్నాడు. నా చెయ్యి రాలేదు. ఆయన్నే కొయ్యమన్నాను.

"నేను కోస్తే నీకు మల్ల ఏడాది గూడ భయమే ఉంటది," అన్నాడు. "బయటి దిక్కు చూసే కన్ను పట్టు. దానికి పైన ఏటవాలుగ కొయ్యి. కన్నంటే కొమ్మ కాదు, రేపటి కొమ్మ."

మొదటి కొమ్మకు కన్ను వెతకడానికే చాలాసేపు పట్టింది. ఆరో మొక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏమీ చెప్పనక్కర్లేకుండా కోశాను. చివరికి ఆరు మోళ్ళు మిగిలాయి. ఆ మధ్యాహ్నం దీపాలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు చూసి, ఏంది గిట్ల చేసినవు అక్క అని బాధపడ్డారు. డిసెంబరు మొదటి వారంలో అవే మోళ్ళ మీద అరచెయ్యంత ఎర్ర పూలు పూశాయి. ఒక పొద్దు నేను పన్నెండు లెక్కపెట్టాను.

మూడు గంటలకు షిఫ్టు ఎక్కి వచ్చే మనుషులు, ముఖాలు నల్లగా, ఎండకు కళ్ళు చికిలిస్తూ, ఆ పూల ముందు ఆగడం నేను కిటికీలోంచి చూశాను. ఎనిమిది గంటలు చీకట్లో ఉండి వచ్చిన కంటికి ఎరుపు ఎలా కనిపిస్తుందో నాకు తెలియదు. వాళ్ళు నిలబడిన తీరును బట్టి ఊహించుకున్నాను. ఆ తర్వాత నుంచి కిటికీ దగ్గర నాతో మాటలు మారాయి. చీడకు ఏం కొడతావు, మా ఇంటి మొక్క ఎందుకు పూయదు, ఆ తెల్లది ఎక్కడ దొరికింది. ఎవరైనా కొత్తగా బదిలీ మీద వస్తే గులాబీల అక్క అని చూపించేవాళ్ళు. ఫలానా ఆయన భార్య అని చెప్పడం ఎప్పుడో ఆగిపోయింది.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన ఇక్కడ మొక్కలెందుకు, మనుషులు నడిచే చోట అడ్డు కదా అన్నారు. మా మేనేజరు గారు నవ్వి, పూల మడి వచ్చిన నాటి నుంచి దీపాల దగ్గర తోసుకోవడం లేదు సార్, ముళ్ళకు భయపడి వరుసగా నిలబడుతున్నారు అన్నారు. ఆ అధికారి కూడా నవ్వారు. మడి మిగిలింది.

ఆ చలికాలమే ఒక ఆచారం మొదలైంది. గని లోపల బొగ్గు తొట్లు లాగే హాలేజీ కార్మికుడు ఒకాయన పదవీ విరమణ రోజున ఆఖరి దీపం అప్పగించడానికి వచ్చాడు. కిటికీ దగ్గర ఆయన చెయ్యి దీపాన్ని వదల్లేకపోయింది. నాకు ఏం చెయ్యాలో తోచక బయటికి వెళ్ళి ఒక పువ్వు కోసి తెచ్చి, దీపం తీసుకుని పువ్వు ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి రిటైర్మెంటుకూ అదే జరిగింది. దీపం ఇస్తే గులాబీ. బయట దండలు, డప్పులు, ఫొటోలు ఎన్ని ఉన్నా ముందు కిటికీ దగ్గరికే వచ్చేవాళ్ళు.

వేసవిలో మాత్రం నాకు తలవంపుగా ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో మొక్కలు ప్రాణం నిలుపుకోవడమే ఎక్కువ. ఒక మే నెలలో రిటైరైన ఒకాయన నవ్వుతూనే, మాకు లేదా అక్క అని అడిగాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుర్తుంది.

నాలుగో ఏడు కాక వంతు వచ్చింది. మే నెల ఆఖరి రోజు. రోహిణి కార్తె నడిమధ్య.

జనవరిలోనే ఆ సంగతి తెలిసి ఆలోచించడం మొదలుపెట్టాను. పెద్దపల్లిలో పూల దుకాణంలో ఒకటి కొనుక్కొస్తే సరిపోతుందని నాతో పనిచేసే ఆమె అంది. ఎవరికి తెలుస్తుందని. ఇంకెవరికీ తెలియకపోయినా కాకకు తెలుస్తుంది. కాడ మీద ముల్లు చూసి ఆయన ఏ మొక్కదో చెప్పగలడు.

ఎండాకాలంలో కత్తెర ముట్టవద్దన్నది కాక నాకు నేర్పిన మొదటి నియమాల్లో ఒకటి. కానీ కొయ్యకుండా కొత్త చిగురు రాదు, చిగురు రాకుండా మొగ్గ లేదు. ఏప్రిల్ మూడో వారంలో, ఆయన రెండో షిఫ్టులో ఉన్న వారం చూసుకుని, పొద్దున్నే అన్నింటికంటే బలమైన ఎర్ర మొక్క కొసలు నాలుగేసి వేళ్ళ మేర తుంచాను. గట్టిగా కొయ్యలేదు. మిగతా ఆకు ఆకూ ఉంచాను, మొదలుకు నీడ కావాలి కదా. మొదలు చుట్టూ ఎండుగడ్డి మందంగా పరిచాను. నాలుగు కర్రలు పాతి, పదకొండు నుంచి నాలుగు దాకా పాత వాయిల్ చీర పందిరిలా కట్టి, తర్వాత విప్పేసేదాన్ని. గనిలోంచి తోడే నీళ్ళు పోస్తే ఆకు అంచులు మాడుతున్నాయని అంతకుముందే చూశాను. మేనేజరు గారి గది వెనక ఏసీ నుంచి చుక్కలు చుక్కలుగా పడే నీళ్ళ కింద బకెట్టు పెట్టాను. పూట పూటకూ ఆ నీళ్ళే. ఆదివారాలు కూడా వచ్చాను. గేటు దగ్గర వాళ్ళు అడగడం మానేశారు.

మూడో రోజుకో నాలుగో రోజుకో కాక మడి దగ్గర నిలబడి కోసిన కొసలు చూశాడు. అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. రెండు రోజులు దీపం తీసుకుంటూ ఇస్తూ ఒక్క మాట లేదు. నేను భయపడుతూనే ఉన్నాను. మూడో రోజు దీపం టోపీకి తగిలించుకుంటూ మెల్లగా అన్నాడు.

"కోసినవ్ గదా. ఇగ ఏదైనా గాని, నీళ్ళు ఒక్క పూట గూడ ఆపకు."

ఎందుకు కోశావని అడగలేదు. అడిగితే నేను చెప్పేదాన్ని కూడా కాదు.

మే రెండో వారానికి మూడు మొగ్గలు వచ్చాయి. బఠాణీ గింజంత. ఎర్రనల్లి పడకుండా రోజూ తెల్లారగానే ఆకుల అడుగున నీళ్ళు కొట్టాను. మొగ్గలు సెనగకాయంత అయ్యాక ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ఆఫీసు మీద రేకు ఒకటి ఎగిరిపోయింది. నేను క్వార్టర్లో కిటికీ పట్టుకుని నిలబడి, ఆ మడి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. పొద్దున వెళ్ళి చూస్తే పందిరి కర్రలు పడి ఉన్నాయి. ఒక కొమ్మ విరిగి నేల మీద ఉంది, దాని మీద రెండు మొగ్గలు. మూడోది నిలబడి ఉంది. విరిగినవి ఏరి పారేసి కర్రలు మళ్ళీ పాతాను. ఏడవలేదు. తీరిక లేదు.

అసలు కష్టం ఆఖరి వారంలో. ఆ ఎండలకు మొగ్గ రంగు కనబడితే రెండో రోజుకే విచ్చుకుంటుంది, మూడో రోజుకు రేకులు మాడి రాలిపోతాయి. ఇరవై ఎనిమిదో తారీకున ఎరుపు కనిపించింది. నాకు మూడు రోజులు కావాలి. గోనెసంచులు తడిపి పందిరికి నాలుగు వైపులా వేలాడదీశాను. ఆరిన కొద్దీ తడుపుతూ, దీపాల పనికీ ఆ సంచులకూ మధ్య తిరిగాను. నాతో పనిచేసే ఆమె, దుకాణంలో కొనమన్న ఆమే, నేను దీపాలు ఇస్తుంటే వెళ్ళి సంచులు తడిపింది.

ముప్పై ఒకటో తారీకు తెల్లవారి ఆరు గంటలకు అది సగం విచ్చుకుని ఉంది. మధ్యాహ్నం మూడు దాకా చెట్టున ఉంచితే మిగలదు. కోసి, లోపల చల్లటి మూలన కుండలో నీళ్ళలో పెట్టి తలుపు వేశాను.

కాకకు ఆ రోజు కిందికి దిగాల్సిన పని లేదు. రిటైరయ్యే రోజు ఎవరూ దిగరు. ఆయన దిగుతానన్నాడు. ఏడు గంటలకు దీపం తీసుకోవడానికి వచ్చి మడి వైపు చూశాడు. మొక్క మీద పువ్వు లేదు, కోసిన కాడ ఉంది. ఎండకు పోయిందనుకున్నాడో, ఎవరో తెంపారనుకున్నాడో. దీపం టోపీకి తగిలించుకుని దిగేవాళ్ళ లైనులోకి నడిచాడు. పిలిచి చెప్పాలనిపించింది. ఊరుకున్నాను.

మూడు గంటలకు బయట డప్పులు మోగుతున్నాయి. కాక ఎక్కి వచ్చాడు. చెమటకు బొగ్గు చారలు కట్టి ఉంది ముఖం. దండలు పట్టుకున్నవాళ్ళను చేత్తో ఆపి కిటికీ దగ్గరికి వచ్చి దీపం పెట్టాడు. నేను ఆయన నంబరు చూసి గూట్లో పెట్టి, పువ్వు తీసి ఇచ్చాను. చలికాలపు పువ్వులో సగం కూడా లేదు. రంగు కొంచెం వెలిసింది. కానీ గులాబీ. మే నెల ఆఖరి రోజున, మా గని మట్టిలో పూసిన గులాబీ.

ఆయన దాన్ని వాసన చూడలేదు. తిప్పి కాడ చివర చూశాడు, ఎలా కోశానో అని.

"మా బాపు గూడ రోహిణిల పువ్వు తియ్యలే బిడ్డ," అన్నాడు. "బంగ్లాల దొరలు అడిగితే, అది నా తోని కాదు దొరా అనెటోడు."

కిటికీకి అటువైపు వరుసలో నిలబడ్డవాళ్ళు విన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను తల దించుకోలేదు. ఆ కిటికీ వెనక నిలబడ్డ ఇన్నేళ్ళలో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. కాక దండలన్నీ ఎడమ చేతి మీద వేయించుకుని, పువ్వును కుడిచేత్తో పట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళావిడ దాకా నడిచి వెళ్ళి ఇచ్చాడు.

ఆ ఏడు వానాకాలంలో ఆయన మళ్ళీ వచ్చాడు, తెల్లబట్టల్లో. కన్ను తీసి అంటు కట్టడం నేర్పాడు. పన్నెండు కడితే నాకు తొమ్మిది పట్టుకున్నాయి. అందులో రెండు బదిలీ మీద కాసిపేట వెళ్ళిన ఒక అన్న తీసుకుపోయి అక్కడి గని ఆఫీసు ముందు పెట్టాడు. పూసినప్పుడు ఫోటో పంపాడు. ఆ ఫోటో చూసి మరో రెండు గనుల నుంచి అడిగారు. ఇప్పటికి నా చేతి అంట్లు నాలుగు గనుల మీద ఉన్నాయి. వేసవి పువ్వు మరో రెండుసార్లు తీశాను. ఒకసారి తప్పింది.

మొన్న ఆషాఢంలో మా కంపెనీ దవాఖాన పెద్ద డాక్టరు గారు కబురు చేశారు, రోగులు కూర్చునే చోట గులాబీ మడి వెయ్యగలనా అని. వెళ్ళాను. సూపరింటెండెంట్లు, క్లర్కులు నా చుట్టూ నిలబడి, ఏం కావాలో చెప్పండి మేడం అన్నారు. గడ్డపార అడిగి తీసుకుని మూడు చోట్ల గుచ్చి చూశాను. ఒకచోట మొరం, ఒకచోట సిమెంటు పెళ్ళలు, గోడ పక్కన మాత్రం మంచి మట్టి. గోడ పక్కనే వేస్తానని, పొద్దుటి ఎండ అక్కడికే వస్తుందని చెప్పాను. పూలు డిసెంబరులో చూస్తారు, అంతకుముందు అడగవద్దన్నాను. డాక్టరు గారు సరేనన్నారు.